రైలు కట్టిన ఊళ్లో సొంతిల్లు

జంక్షన్‌గా ఎదిగిన బిలాస్‌పూర్‌కు రైల్వే జోన్, హైకోర్టు, బొగ్గు కంపెనీ ప్రధాన కార్యాలయం అన్నీ వచ్చాయి. ఊరు నలువైపులా పెరుగుతోంది. తరాలుగా క్వార్టర్లలో బతికిన తెలుగు రైల్వే కుటుంబాలను మాత్రం పాత ప్రశ్నే వెంటాడుతోంది. రిటైరయ్యాక ఎక్కడ ఉండాలి?

బిలాస్‌పూర్‌లో రైలు దిగినవారికి ముందుగా కనిపించేది ఊరు కాదు, రైల్వే. సుమారు 800 మీటర్ల పొడవున్న ఇక్కడి ప్లాట్‌ఫాం దేశంలోని పొడవైన ప్లాట్‌ఫాంలలో ఒకటి. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచి బయటికి వచ్చినా రైల్వే వదలదు. జనరల్ మేనేజర్ కార్యాలయం, డివిజన్ కార్యాలయం, రైల్వే ఆస్పత్రి, రైల్వే స్కూలు, నార్త్ ఈస్ట్ ఇన్‌స్టిట్యూట్, పెద్ద పెద్ద చెట్ల నీడలో అధికారుల బంగళాలు, వాటి వెనక వరసలు తీరిన క్వార్టర్లు. వారానికోసారి జరిగే సంతగా మొదలై రోజువారీ మార్కెట్‌గా మారిన బుధవారీ బజార్ కూడా రైల్వే ప్రాంతంలోదే. గోల్ బజార్, సదర్ బజార్ ఉన్న అసలు ఊరు చూడాలంటే అక్కడి నుంచి ఆటో ఎక్కి అర్పా నది వైపు వెళ్లాలి.

రైల్వే ప్రాంతంలోని కాలనీల పేర్లు కూడా పనులను, కట్టడాలను బట్టి వచ్చినవే. వైర్‌లెస్ కాలనీ, కన్‌స్ట్రక్షన్ కాలనీ, బారా ఖోలీ. చివరిదానికి అర్థం పన్నెండు గదులని. నివాసం కోసం కాదు, పని కోసం కట్టిన ఊరు ఇదని ఆ పేర్లే చెబుతాయి. పని ఉన్నంతకాలం ఇల్లు, పని అయిపోతే ఖాళీ. బిలాస్‌పూర్‌లో ఇళ్ల కథంతా ఈ ఒక్క నియమం చుట్టూనే తిరుగుతుంది.

రైలుతో మారిన జాతకం

బిలాసా అనే మత్స్యకార స్త్రీ పేరు మీద ఈ ఊరు వెలిసిందని స్థానికుల నమ్మకం. 2021 మార్చి 1న విమానాలు మొదలైన చకర్‌భాఠా ఎయిర్‌పోర్టుకు కూడా బిలాసాదేవి కేవట్ పేరే పెట్టారు. అయితే చాలాకాలం ఈ ప్రాంతంలో పేరున్న పట్టణం ఇది కాదు. కలచూరి రాజుల రాజధానిగా వెలిగి, మహామాయ ఆలయంతో ఇప్పటికీ భక్తులను రప్పించే రత్నపూర్ ఇక్కడికి 25 కిలోమీటర్ల దూరంలో ఉంది. బ్రిటిష్ వారు 1861లో జిల్లాను ఏర్పరచి బిలాస్‌పూర్‌ను కేంద్రం చేశాక కూడా ఇది ఓ మోస్తరు కచేరీ ఊరుగానే ఉండిపోయింది.

దాని జాతకాన్ని మార్చింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. 1887లో ఏర్పడిన ఈ కంపెనీ నాగ్‌పూర్-ఛత్తీస్‌గఢ్ మీటర్‌గేజ్ లైనును తీసుకుని బ్రాడ్‌గేజ్‌గా మార్చింది. 1891 నాటికి బిలాస్‌పూర్ మీదుగా నాగ్‌పూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా పట్టాలు పడ్డాయి. అదే కాలంలో ఉమరియా బొగ్గు ప్రాంతం గుండా కట్నీ వైపు మరో లైను వెళ్లింది. రెండు దారులు కలిసిన చోట ఇంజన్లు మార్చాలి, బొగ్గు, నీళ్లు నింపాలి, సిబ్బంది డ్యూటీ మారాలి. అందుకు మనుషులు కావాలి. వారికి ఇళ్లు కావాలి. ఊరికి రెండో పుట్టుక అదే.

రైలు ధాన్యాన్ని తెచ్చింది, మనుషులను తీసుకుపోయింది కూడా. 1896-97లో, మళ్లీ 1899-1900లో ఛత్తీస్‌గఢ్‌ను కరువు పీల్చి పిప్పి చేసినప్పుడు పల్లెలు ఖాళీ చేసి అస్సాం తేయాకు తోటలకు తరలిపోయిన వారెందరో. బయటివారు ఉద్యోగానికి దిగిన స్టేషన్లోనే లోపలివారు కూలి కోసం రైలెక్కడం అప్పటి నుంచీ ఉన్నదే.

తూర్పు తీరం నుంచి వచ్చినవారు

తెలుగువారు బిలాస్‌పూర్ చేరిన దారి కూడా పట్టాల మీదుగానే సాగింది. వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న తూర్పు తీర రైల్వే ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల పల్లెలకు దగ్గర్లో దొరికే పెద్ద ఉద్యోగం రైల్వేదే అయింది. పార్వతీపురం మీదుగా విజయనగరం-రాయ్‌పూర్ లైను 1931లో పూర్తయి, రెండేళ్లకు విశాఖ రేవు ప్రారంభమయ్యాక ఛత్తీస్‌గఢ్, ఉత్తరాంధ్ర మరింత దగ్గరయ్యాయి. ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్‌లుగా, ఫైర్‌మన్‌లుగా, గుమాస్తాలుగా చేరిన వారు ఖరగ్‌పూర్‌లో, ఆద్రాలో, చక్రధర్‌పూర్‌లో, బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డారు.

ఆ రోజుల్లో బీఎన్ఆర్ కార్మికులకు నాయకత్వం వహించిన వారిలో ప్రముఖుడు కూడా తెలుగువాడే. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1927 నాటి ఖరగ్‌పూర్ సమ్మె కాలంలో ఈ కంపెనీ కార్మిక సంఘాన్ని నడిపారు. రైల్వే 1944లో ప్రభుత్వపరమై, 1955లో ఆగ్నేయ రైల్వేగా మారినా తెలుగువారి రాక ఆగలేదు. ఒకరు చేరితే బావమరిది, బావమరిది వెనక పిన్ని కొడుకు. ఒక వీధి క్వార్టర్లలో సగం ఒకే తాలూకా వారుండటం అన్ని రైల్వే కాలనీల్లోనూ కనిపించిన ముచ్చటే.

ఆంధ్ర సమాజం, వేసవిలో రైల్వే ప్రాంతంలో జరిగే సోలాపురి మాత పూజ, సంక్రాంతి ముగ్గులు, ఉగాది పచ్చడి వారితో వచ్చినవే. ఒడియావారి జగన్నాథ రథయాత్ర, బెంగాలీల దుర్గాపూజ, మలయాళీల అయ్యప్ప పూజలు కూడా ఈ కాలనీల్లోనే జరుగుతాయి. పిల్లలు ఇంట్లో ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడి, బడిలో హిందీ చదివి, వీధిలో ఛత్తీస్‌గఢీ ఆడుకుంటారు. తెలుగు మాట నిలిచింది కానీ తెలుగు అక్షరం చాలా ఇళ్లలో తాతలతోనే ఆగిపోయింది.

క్వార్టర్ ఇచ్చిన భరోసా, క్వార్టర్ చేసిన అన్యాయం

రైల్వే క్వార్టర్ అనేది ఒక తరానికి వరం. జీతంలో ఇంటి అద్దె భత్యం పోతుంది, నామమాత్రపు లైసెన్స్ ఫీజు కోత పడుతుంది, అంతే. నీళ్లు, కరెంటు, స్కూలు, ఆస్పత్రి నడక దూరంలో. గ్యాంగ్‌మన్ కొడుకు గుమాస్తా కావడానికి, గుమాస్తా కూతురు టీచర్ కావడానికి ఈ భరోసాయే పునాది.

చిక్కంతా చివర్లోనే. మామూలుగా రిటైరైన ఉద్యోగి నాలుగు నెలల పాటు పాత అద్దెకే క్వార్టర్లో ఉండొచ్చు. ఆ తర్వాత కారణం చూపి గడువు పొడిగించుకుంటే రెట్టింపు. అదీ దాటితే జరిమానా అద్దె పడుతుంది, చేతికి రావలసిన సొమ్ము ఆగుతుంది. ముప్పై అయిదేళ్లు ఉన్న ఇంటి మీద ఆ కుటుంబానికి ఒక్క ఇటుక హక్కు కూడా ఉండదు. పెరట్లో నాటిన మునగ చెట్టు, పందిరేసిన బీర పాదు తర్వాతివారికి. సొంతూళ్లో పంచుకోవడానికి పొలం ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. అద్దె లేని జీవితానికి అలవాటుపడి, ఉద్యోగం మధ్యలో స్థలం కొనని వారు యాభై ఎనిమిదో ఏట కళ్లు తెరుస్తారు. అప్పటికి ఊళ్లో ధరలు అందనంత దూరం వెళ్లి ఉంటాయి. 1998 నుంచి రిటైర్మెంట్ వయసు అరవైకి పెరిగింది కానీ, ఆ రెండేళ్లలో ఇల్లు సమకూరదు.

రైల్వే మనుషుల ఈ నిలకడలేనితనాన్ని వందేళ్ల కిందటే పట్టుకున్నవాడు రవీంద్రనాథ్ ఠాగూర్. 1918లో వచ్చిన ‘పలాతక’ సంపుటిలోని ‘ఫాంకీ’ కవితలో జబ్బుపడిన భార్యతో ప్రయాణిస్తున్న భర్త బిలాస్‌పూర్‌లో రైలు మారడానికి ఆగుతాడు. కూతురి పెళ్లికి పాతిక రూపాయలు కావాలన్న రైల్వే కూలీ భార్యకు సాయం చేయమని భార్య కోరుతుంది. భర్త రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపేసి, మొత్తం ఇచ్చానని అబద్ధమాడతాడు. భార్య చనిపోయాక పశ్చాత్తాపంతో తిరిగి వస్తే ఆ కుటుంబం అక్కడ లేదు. ఎక్కడికి పోయిందో స్టేషన్లో ఎవరికీ సరిగా తెలియదు. ఆ కవితను బిలాస్‌పూర్ స్టేషన్లో ప్రయాణికులకు కనిపించేలా ఉంచారు. చిరునామా లేని ఆ కూలీ కుటుంబం ఈ ఊరికి పాత పరిచయమే.

కొట్లాడి తెచ్చుకున్న హోదా

బిలాస్‌పూర్‌కు ఏదీ అడగ్గానే రాలేదు. రైల్వేకు దండిగా ఆదాయం తెచ్చేది తామైతే పెత్తనం కోల్‌కతాలోని గార్డెన్ రీచ్‌ది ఏమిటన్న ఆగ్రహం 1996 జనవరిలో బద్దలైంది. జోన్ కోసం జరిగిన ఆందోళన హింసగా మారి స్టేషన్‌కు, బోగీలకు నిప్పు పెట్టేదాకా వెళ్లింది. 1998లో జోన్ ప్రకటన వెలువడింది. 2003 ఏప్రిల్ 1 నుంచి బిలాస్‌పూర్, రాయ్‌పూర్, నాగ్‌పూర్ డివిజన్లతో ఆగ్నేయ మధ్య రైల్వే పని మొదలుపెట్టింది.

అంతకు ముందే 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. రాజధాని రాయ్‌పూర్‌కు పోగా, హైకోర్టు బిలాస్‌పూర్‌కు దక్కింది. ఊరివారు దీన్ని న్యాయధాని అని పిలుచుకోవడం అప్పటి నుంచే. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం 1980ల మధ్య నుంచే ఇక్కడ ఉంది. దగ్గర్లోని సీపత్‌లో ఎన్‌టీపీసీ 2,980 మెగావాట్ల విద్యుత్ కేంద్రం కట్టింది. 1983లో మొదలైన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. విమానం కోసం 2019లో పౌరులు మొదలుపెట్టిన ధర్నా నెలల తరబడి సాగింది.

కొత్త రాష్ట్రంలో చాలా ఊళ్లకు ఒక్క పెద్ద కార్యాలయం వస్తేనే గొప్ప. బిలాస్‌పూర్‌కు నాలుగైదు వచ్చాయి. నెల మొదటి వారంలో జీతం పడే ఊరు కావడంతో బ్యాంకులు, కోచింగ్ సెంటర్లు, షోరూంలు వాటి వెనకే వచ్చాయి.

పొలాల మీద ప్లాట్ల పంట

ఆ జీతాలు ఎటు ప్రవహించాయో ఊరి పటం చూస్తే తెలుస్తుంది. హైకోర్టు రాయ్‌పూర్ దారిలోని బోద్రీకి మారాక ఆ దారంతా స్థిరాస్తి వ్యాపారానికి రాజమార్గమైంది. అర్పా అవతల సర్కండా ఒకప్పుడు వేరే ఊరిలా ఉండేది. ఇప్పుడు అదే సగం నగరం. బొగ్గు కంపెనీ ఉద్యోగులు సీపత్ రోడ్డు వైపు, యూనివర్సిటీవారు కోనీ వైపు, వ్యాపారులు మంగలా, ఉస్లాపూర్ వైపు ఇళ్లు వెతుక్కున్నారు. 2019లో తిఫ్రా, సిర్గిట్టీ, సక్రీ పట్టణాలను, 15 గ్రామ పంచాయతీలను కలుపుకుని నగరపాలక సంస్థ 70 వార్డులకు విస్తరించింది. మొన్నటిదాకా వరి పండిన చేలు కాగితం మీద నగరమయ్యాయి.

ఇక్కడి మధ్యతరగతికి అపార్ట్‌మెంట్ కంటే సొంత ప్లాట్ మీదే మోజు. పొలాన్ని నివాస స్థలంగా మార్చుకోవడాన్ని ఇక్కడ డైవర్షన్ అంటారు. ఆ అనుమతి, లే అవుట్ ఆమోదం లేకుండానే పొలాన్ని ముక్కలు చేసి అమ్మే అక్రమ ప్లాటింగ్ ఊరికి పెద్ద బెడద. తక్కువ ధరకు వస్తుందని ముందుగా ఆశపడేది రిటైర్మెంట్ సొమ్ము చేతిలో ఉన్నవారు, చిన్న జీతగాళ్లే. రిజిస్ట్రీ అయిపోయాక దారి లేదని, డ్రైనేజీ రాదని, ఇల్లు కట్టడానికి అనుమతి దొరకదని తెలుస్తుంది. బుల్‌డోజర్ వచ్చినప్పుడు అమ్మినవాడు కనిపించడు, కొన్నవాడే ఎదుట నిలబడాలి. స్టేషన్‌కు దగ్గరగా తోర్వా, దేవ్‌రీఖుర్ద్ వైపు ముందుగా చిన్న ముక్క కొని పెట్టుకున్న రైల్వేవారు ఈ విషయంలో అదృష్టవంతులు.

పెరిగిన ఊరికి నీళ్లు కూడా కావాలి. అర్పా వానాకాలం తప్ప మిగతా రోజుల్లో ఇసుక మేటే. ఇసుక తవ్వకాలు, నదిలో కలిసే మురుగు మీద హైకోర్టు పదే పదే ప్రభుత్వాన్ని నిలదీయాల్సి వచ్చింది. నగరంలో నీళ్లు నిలిపేందుకు నది మీద బ్యారేజీలు కట్టారు. భూగర్భ మురుగు కాలువల పథకం పేరుతో ఏళ్ల తరబడి తవ్విన రోడ్ల జ్ఞాపకం ఊరివారిని ఇంకా వదలలేదు. 2017లో స్మార్ట్ సిటీ జాబితాలో చేరాక రోడ్లు, కూడళ్లు మెరుగయ్యాయి. శివారు కాలనీల్లో మాత్రం బోరు ఎంత లోతు వేయాలన్నదే ఇప్పటికీ మొదటి చర్చ.

బొగ్గు దారి మళ్లితే?

ఈ వైభవానికంతటికీ వెనక ఉన్నది బొగ్గు. బిలాస్‌పూర్‌కు సుమారు 90 కిలోమీటర్లలోని కోర్బా ప్రాంతంలో గెవరా, కుస్ముండా గనులు ప్రపంచంలోని అతి పెద్ద వాటి సరసన ఉన్నాయి. 2023-24లో సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ దాదాపు 18.7 కోట్ల టన్నుల బొగ్గు తవ్వింది. ఆగ్నేయ మధ్య రైల్వే ఏటా 20 కోట్ల టన్నులకు పైగా సరుకు ఎత్తుతోంది. 2022 ఆగస్టు 15న ‘సూపర్ వాసుకి’ పేరుతో 295 వ్యాగన్లు, సుమారు 27,000 టన్నుల బొగ్గు, మూడున్నర కిలోమీటర్ల పొడవుతో ఒకే రైలును కోర్బా నుంచి రాజ్‌నంద్‌గావ్‌కు నడిపి చూపించింది కూడా ఈ జోనే.

ఈ ఘనతకు ప్రయాణికులు చెల్లించిన మూల్యం తక్కువేం కాదు. అదే 2022లో విద్యుత్ కేంద్రాలకు బొగ్గు కొరత వచ్చినప్పుడు సరుకు రైళ్లకు దారి ఇవ్వడానికి పదుల సంఖ్యలో ప్యాసింజర్ రైళ్లు రద్దయ్యాయి. గంటల ఆలస్యం మామూలైపోయింది. 2025 నవంబర్ 4న ఊరికి ఆనుకుని ఉన్న లాల్‌ఖదాన్ దగ్గర గెవరా రోడ్ నుంచి వస్తున్న మెమూ రైలు ఆగి ఉన్న గూడ్స్‌ను ఢీకొని పది మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. రోజూ ఉద్యోగాలకు, చదువులకు తిరిగే వారు నమ్ముకున్న రైలు అది.

రద్దీ తగ్గించేందుకు వేస్తున్న కొత్త లైన్లు చాలావరకు బిలాస్‌పూర్‌ను పక్కన పెట్టి వెళ్తున్నాయి. గెవరా రోడ్ నుంచి పెండ్రా రోడ్‌కు 135 కిలోమీటర్ల లైను వస్తే కట్నీ వైపు వెళ్లే బొగ్గు బిలాస్‌పూర్ రానక్కర్లేదు. కేంద్ర మంత్రివర్గం 2025 ఏప్రిల్‌లో రూ.8,741 కోట్లతో ఆమోదించిన ఖర్సియా-నవా రాయ్‌పూర్-పర్మల్‌కసా లైను బలోదాబజార్ మీదుగా వెళ్తుంది. రైల్వే లెక్కలో ఇది తప్పనిసరి. రెండు దారులు కలిసినందుకే పుట్టిన ఊరికి మాత్రం ఆలోచించాల్సిన సంగతి. ఈ రోజు రేపట్లో ముప్పేమీ లేదు. బొగ్గు ఇంకా పెరుగుతూనే ఉంది. కానీ 2070 నాటికి నికర కర్బన ఉద్గారాలను సున్నా చేస్తామని దేశం మాట ఇచ్చింది. ఇప్పుడు ఇరవై ఏళ్ల అప్పు మీద ఇల్లు కొంటున్నవారి జీవితకాలంలోనే ఆ మలుపు వస్తుంది.

విశాఖ చూడాల్సిన అద్దం

ఆంధ్రప్రదేశ్‌కు ఈ కథ దూరపుదేం కాదు. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019 ఫిబ్రవరి 27న ప్రకటించారు. ప్రధాన కార్యాలయానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. జోన్ వస్తే ఊళ్లో పిల్లలకు ఉద్యోగాలు వస్తాయని ఉత్తరాంధ్రలో ఎందరి ఆశో. బిలాస్‌పూర్ అనుభవం చెప్పేది కాస్త భిన్నంగా ఉంది.

జోన్ వల్ల నిర్ణయాలు దగ్గరికి వచ్చాయి. కొత్త రైళ్లు అడగడానికి కోల్‌కతా వెళ్లే అవస్థ తప్పింది. అధికారులు, కాంట్రాక్టర్లు, వారి వెనక హోటళ్లు, అద్దె ఇళ్లు పెరిగాయి. నాలుగో తరగతి ఉద్యోగాల వెల్లువ మాత్రం రాలేదు. 1990ల మొదట్లో భారతీయ రైల్వేలో పదహారున్నర లక్షల మంది పనిచేస్తే ఇప్పుడు ఆ సంఖ్య దాదాపు పన్నెండు లక్షలు. నియామకాలు దేశవ్యాప్త పరీక్షల ద్వారా జరుగుతాయి. శుభ్రత, కేటరింగ్, పార్కింగ్ కాంట్రాక్టులకు పోయాయి. తాతకు ఖలాసీగా దొరికిన ఉద్యోగం, క్వార్టర్, పెన్షన్ మూడింటిలో కాంట్రాక్టు మీద బోగీలు కడిగే మనవడికి ఒక్కటీ లేదు. 2004 జనవరి 1 తర్వాత చేరిన ఉద్యోగులకు పాత పెన్షన్ స్థానంలో కొత్త పథకం వచ్చింది. ఇంటి అప్పు తీసుకునేటప్పుడు బ్యాంకు అడిగే భరోసా అక్కడే సన్నగిల్లింది.

ఇక చుట్టుపక్కల పల్లెల సంగతి. ఉత్తర భారతంలోని ఇటుక బట్టీల్లో ఛత్తీస్‌గఢ్ కూలీలకు బిలాస్‌పురియా అన్న పేరే స్థిరపడిపోయింది. వరి కోతలయ్యాక భార్యాపిల్లలతో, గిన్నెల మూటతో రైలెక్కి వానలకు ముందు తిరిగి వచ్చేవారు వీరు. ఇతరుల ఇళ్లకు ఇటుకలు కాల్చే ఈ మనుషుల జిల్లా కేంద్రంలో ప్లాట్ ధర ఎంతన్నది వారికి అవసరం లేని సమాచారం. దేశంలో అత్యధికంగా సరుకు ఎత్తే జోన్లలో ఒకదానికి కేంద్రమైన ఊరు తన పల్లెలకు ఏడాది పొడవునా పని చూపలేకపోయింది.

తెలుగు కుటుంబాల విషయానికి వస్తే, రిటైరైనవారి ముందు రెండు దారులు. శ్రీకాకుళం వైపో విజయనగరం వైపో వెళ్లిపోవడం, లేదంటే ఇక్కడే ఉండిపోవడం. కోర్బా-విశాఖ ఎక్స్‌ప్రెస్ ఉంది. 2024 సెప్టెంబర్ నుంచి దుర్గ్-విశాఖ వందే భారత్ నడుస్తోంది. సొంతూరు మునుపటికంటే దగ్గరైంది. అయినా చాలామంది ఇక్కడే ఉండిపోతున్నారు. వైద్యం రైల్వే ఆస్పత్రిలో, స్నేహితులు పక్క వీధిలో, మాతకు మొక్కు ఈ ఊళ్లో. సొంతూళ్లో పలకరించేవారు తక్కువ. పిల్లలు పుణెలోనో హైదరాబాద్‌లోనో ఉంటే తల్లిదండ్రుల ఇల్లు సెలవులకు వచ్చే చోటవుతుంది.

బిలాస్‌పూర్ ఇంకా పెరుగుతుంది. కోర్టు, యూనివర్సిటీ, ఆస్పత్రులు, జీతగాళ్లు ఉన్నంతవరకు ఇళ్లకు గిరాకీ తగ్గదు. అమృత్ భారత్ పథకం కింద స్టేషన్ కూడా కొత్త రూపు దిద్దుకుంటోంది. అయితే ఈ పెరుగుదల పెద్ద జీతాలవారి కోసమే సాగితే రైలు నడిపే, పట్టాలు కాసే మనుషులు మళ్లీ శివార్లకే పోవాలి. పాత క్వార్టర్లను కూల్చి స్థలం ఏం చేయాలన్న ఆలోచన వచ్చినప్పుడు అందులో కొంత చిన్న ఉద్యోగులు వాయిదాల మీద కొనుక్కోగల ఇళ్లకు ఇవ్వొచ్చు. అనుమతి ఉన్న లే అవుట్ల జాబితాను ప్రతి వార్డు ఆఫీసులో అందరికీ కనిపించేలా పెట్టొచ్చు. రిటైర్మెంట్‌కు పదేళ్ల ముందే ఉద్యోగిని కూర్చోబెట్టి ఇంటి సంగతి మాట్లాడవచ్చు. వీటికి బొగ్గు రైళ్లంత ఖర్చేమీ కాదు. క్వార్టర్ తాళంచెవి అప్పగించే రోజున ఆ కుటుంబానికి ఈ ఊళ్లోనే మరో తాళంచెవి ఉండాలంటే ఈ మాత్రం చేయక తప్పదు.